అమ్మ కంచం, బిడ్డ గిన్నె: తిండిలో రకాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తల్లుల సమావేశాల్లో ఏళ్ళ తరబడి ఇవే సందేహాలు వింటున్నాను. ఒక ఊళ్ళో జవాబు చెప్పి పక్క ఊరికి వెళ్తే అక్కడా అదే ప్రశ్న ఎదురుగా ఉంటుంది. అందుకే అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, గర్భం దగ్గర నుంచి బిడ్డకి రెండేళ్ళు నిండే వరకు దశలవారీగా రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, ముందువి చదవకపోయినా అర్థమవుతుంది. మందులు, జబ్బుల విషయంలో మాత్రం మీ డాక్టర్ మాటే వినండి.

## ముందుగా: 'రకాలు' అంటే ఏంటి?

మూడు పూటలా కడుపునిండా తింటున్నాం కదా, ఇంకా రకాల గొడవ ఎందుకు?

కడుపు నిండడం వేరు, ఒంటికి అందడం వేరు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, చారు, బంగాళాదుంప వేపుడు, రాత్రి మళ్ళీ అన్నం, ఆవకాయ. చూడ్డానికి ఐదారు వంటకాలు. పోషకాహార లెక్కలో మాత్రం రవ్వ, బియ్యం, బంగాళాదుంప మూడూ ఒకే గుంపు. పచ్చడి, చారు అసలు లెక్కలోకే రావు. అంటే రోజంతా తిన్నది ఒక్క రకం. శక్తి వస్తుంది, నడుస్తాం, పని చేస్తాం. ఐరన్, విటమిన్ ఎ, బి12 మాత్రం లోపల తగ్గిపోతూ ఉంటాయి, బయటికి కనపడవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. వీళ్ళలో చాలామంది అన్నానికి లోటు లేని ఇళ్ళ పిల్లలే.

రోజుకి ఎన్ని రకాలు తింటే చాలు? లెక్క ఎలా వేసుకోవాలి?

ఆడవాళ్ళ తిండిని పది గుంపులుగా విడదీస్తారు. ధాన్యాలు, దుంపలు కలిపి ఒకటి. పప్పులు ఒకటి. పల్లీలు, నువ్వుల లాంటి గింజలు ఒకటి. పాలు, పెరుగు ఒకటి. మాంసం, చేపలు ఒకటి. గుడ్లు ఒకటి. ముదురాకుపచ్చ ఆకుకూరలు ఒకటి. విటమిన్ ఎ ఉండే గుమ్మడి, క్యారెట్, బొప్పాయి, మామిడిపండు ఒకటి. మిగతా కూరగాయలు ఒకటి, మిగతా పళ్ళు ఒకటి. ఒక రోజులో కనీసం ఐదు గుంపులు పడాలి. ఆరు నెలల నుంచి రెండేళ్ళ పిల్లలకి గుంపులు ఎనిమిది, అందులో తల్లిపాలు కూడా ఒక గుంపే. వాళ్ళకీ కనీసం ఐదు.

నేను కాగితాలు పెట్టను. నేల మీద సుద్దతో పది గళ్ళు గీసి, నిన్న తిన్నదాన్ని బట్టి చింతపిక్కలు వేయమంటాను. మొదటిసారి వేసినప్పుడు పిక్కలన్నీ ధాన్యాల గడిలోనే కుప్పపడతాయి. ఒకావిడ తన గళ్ళ వైపు కాసేపు చూసి, "గుడ్డు గడిలో పిక్క పడి ఎన్నాళ్ళయిందో" అంది. గుడ్డు వాళ్ళింట్లో రోజూ ఉడుకుతుంది. పెద్దబాబుకి, వాళ్ళ నాన్నకి.

ఒక్క జాగ్రత్త: తాలింపులో వేసిన నాలుగు పల్లీలు, టీలో కలిపిన పాలు లెక్కకు రావు. కనీసం ఒక పెద్ద చెంచాడు తింటేనే ఆ గుంపు తిన్నట్టు.

పిల్లకి విడిగా వండి పెడితే చాలదా? నేను తినేదానికీ తను తినేదానికీ ఏం సంబంధం?

చాలా సంబంధం ఉంది. బంగ్లాదేశ్, వియత్నాం, ఇథియోపియా మూడు దేశాల్లో తల్లులూ పిల్లలూ తినేది పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధన 2013లో వచ్చింది. మూడు చోట్లా తేలింది ఒకటే: తల్లి ఎక్కువ రకాలు తినే ఇంట్లో బిడ్డ కూడా ఎక్కువ రకాలు తింటోంది. భాష, పంట, వంట అన్నీ వేరైన మూడు దేశాలవి.

మన ఇంట్లో చూసినా అర్థమవుతుంది. పొయ్యి ఒకటే, సంచి ఒకటే. అమ్మ కోసం ఆకుకూర కొనని ఇంట్లో బిడ్డ కోసం ప్రత్యేకంగా పిడికెడు ఆకు ఎవరూ తేరు. తెచ్చినా వారం రోజులు తెస్తారు, తర్వాత మానేస్తారు. రోజూ జరిగేది అమ్మ కంచంలోకి వచ్చేదే. అందుకే బిడ్డ బరువు పెరగట్లేదని ఎవరైనా వస్తే నేను ముందు అడిగేది "నువ్వు నిన్న ఏం తిన్నావమ్మా?" అని. చాలామందిని ఆ మాట అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

## కడుపుతో ఉన్నప్పుడు

ఇద్దరి కోసం తినాలంటారు. రెట్టింపు తినాలా?

అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకి అదనంగా కావలసింది 350 కేలరీలు. ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేయించిన పల్లీలు కలిపితే దాదాపు అంతే. ఆ అదనాన్ని ఇంకో గరిటె అన్నంతో నింపకండి. కొత్త గుంపుతో నింపండి.

బొప్పాయి, నువ్వులు, గుమ్మడికాయ వేడి చేస్తాయని అత్తమ్మ ముట్టనివ్వట్లేదు. ఎలా?

అత్తమ్మ భయం బిడ్డ మీద ప్రేమతోనే. కానీ వద్దన్నవన్నీ పక్కన పెట్టేస్తే చివరికి కంచంలో అన్నం, చారు మిగులుతాయి. బాగా పండిన బొప్పాయి మామూలుగా తింటే నష్టం లేదు. పాలు కారే పచ్చి బొప్పాయికే దూరంగా ఉండాలి. వంటలో వాడే నువ్వులు, ఒక చిమ్మిలి ఉండ వల్ల గర్భం పోదు. గుమ్మడికాయలో విటమిన్ ఎ ఉంటుంది, ఆపాల్సిన పనే లేదు.

ఇంట్లో గొడవ పడి గెలవమని నేను చెప్పను. అత్తమ్మ ఒప్పుకునే వాటితో మొదలుపెట్టండి. బొప్పాయి వద్దంటే మామిడిపండో క్యారెట్టో అడగండి, గుంపు ఒకటే. వీలైతే ఆవిడని కూడా సమావేశానికి తీసుకురండి. కోడలు చెబితే వినని మాట తన వయసు ఆవిడ చెబితే వింటారు. ఇది చాలాసార్లు చూశాను.

ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా కదా, మళ్ళీ ఆకుకూరలు ఎందుకు?

మాత్ర మానొద్దు. గర్భంలో 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు ఇస్తారు, అన్నీ వాడాలి. కానీ మాత్రలో ఉండేది ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రమే. మాంసకృత్తులు, కాల్షియం, విటమిన్ ఎ, పీచు కంచంలోంచే రావాలి. మాత్ర వేసుకున్నాక గంట వరకు టీ, కాఫీ తాగకండి, ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. తోటకూర పప్పులో నిమ్మరసం పిండుకున్నా, భోజనం తర్వాత ఒక జామకాయ తిన్నా ఆకులోని ఐరన్ బాగా పడుతుంది.

అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు ఇంటికి తెచ్చుకోవచ్చా? పెద్దపిల్ల చూస్తూ ఉంటే తినబుద్ధి కాదు.

ఈ ప్రశ్న అడిగేటప్పుడు చాలామంది తల దించుకుంటారు. దించుకోవాల్సింది మీరు కాదు. ఆశతో చూసే పిల్ల ముందు ఏ తల్లీ తినలేదు. తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి పథకం మొదలుపెట్టినప్పుడు గర్భిణులకీ బాలింతలకీ కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టాలని పెట్టుకున్నది ఇందుకే. ఇంటికి వెళ్తే ఆ గుడ్డు నాలుగు ముక్కలవుతుంది, అమ్మ వంతుకి పచ్చసొన అంటిన చెయ్యి మిగులుతుంది. వీలైనన్ని రోజులు అక్కడే కూర్చుని తినండి. పెద్దపిల్ల ఆరేళ్ళలోపుదైతే తనకీ కేంద్రంలో భోజనం, గుడ్డు ఉంటాయి. పేరు రాయించి, వెంట తీసుకెళ్ళండి.

## బాలింతగా ఉన్నప్పుడు

పత్యం ఎన్నాళ్ళు చేయాలి? పప్పు తింటే కుట్లు చీము పడతాయంటున్నారు.

పప్పుతో కుట్లు చీము పట్టవు. చీము పట్టేది శుభ్రత లేక, సూక్ష్మక్రిములు చేరి. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పు అందుకు పనికొచ్చే తిండి. కాన్పయిన రోజు నుంచే మెత్తగా ఉడికించి తినొచ్చు. ఆపరేషన్ అయితే డాక్టర్ తినమన్న గంట నుంచి.

పత్యం గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే తల్లి తిండిలో లోటు బిడ్డకి ఏం చేస్తుందో మన నేల మీదే రికార్డయింది. 1940 ప్రాంతంలో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తా వైపు, బెరిబెరి జబ్బు విపరీతంగా ఉండేది. మరలో బాగా పాలిష్ పట్టిన బియ్యం తింటూ, దాన్ని పదే పదే కడిగి, గంజి వార్చేస్తే బి1 విటమిన్ అంతా నీళ్ళలో పోయేది. తల్లి ఒంట్లో బి1 లేకపోతే పాలల్లోనూ ఉండదు. కడుపునిండా పాలు తాగే పసిబిడ్డలు రెండు మూడు నెలల వయసులో గుండె ఆగి పోయేవారు. తల్లి పైకి బాగానే ఉండేది. అలాంటి తల్లికి పత్యం పేరుతో పప్పు, కూర కూడా ఆపేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

పత్యంలో మంచీ ఉంది. వేడి వేడిగా తాజాగా వండి పెట్టడం, వెల్లుల్లి కారం, నెయ్యి, ఎండుచేపల పులుసు, బాలింతని పనికి పంపకుండా కూర్చోబెట్టడం, ఇవన్నీ ఉంచుకోండి. తీసేయాల్సింది 'వద్దు'ల జాబితాని. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలి, గర్భంలో కన్నా ఎక్కువ. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమె కంచాన్ని చిన్నది చేస్తున్నాం.

నేను తిన్నదంతా పాలల్లోకి వెళ్తుందా? వంకాయ తింటే బిడ్డకి కడుపు నొప్పి వస్తుందా?

కొన్ని వెళ్తాయి, కొన్ని వెళ్ళవు. విటమిన్ ఎ, బి1, బి12, అయోడిన్ మీ తిండిని బట్టి పాలల్లో పెరుగుతాయి, తగ్గుతాయి. కాల్షియం, ఐరన్ మీ తిండి ఎలా ఉన్నా పాలల్లో దాదాపు ఒకేలా ఉంటాయి. మీరు తినకపోతే ఆ కాల్షియం మీ ఎముకల్లోంచి పోతుంది. వంకాయతో బిడ్డకి కడుపు నొప్పి రాదు.

రుచి కూడా పాలల్లోకి వెళ్తుంది. 2001లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. గర్భంలోనో, పాలిచ్చే రోజుల్లోనో క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు, తర్వాత క్యారెట్ కలిపిన తిండిని ఇష్టంగా తిన్నారు. మీరు ఈరోజు తినే మెంతికూర మీ బిడ్డకి అన్నప్రాశన కంటే ముందే పరిచయమవుతోందన్నమాట.

మేం శాకాహారులం. బాలింతకి ఏం లోటు వస్తుంది?

బి12. ఇది మొక్కల్లో దొరకదు. పాలు, పెరుగు, మజ్జిగ రోజూ ఉండాలి. టీలో పోసే చుక్క పాలు సరిపోవు. తల్లికి బి12 బాగా తక్కువైతే పాలు తాగే బిడ్డ మందకొడిగా, నవ్వకుండా, మెడ నిలపడం ఆలస్యమై కనిపించొచ్చు. అలా ఉంటే 'నెమ్మదస్తుడు' అని సరిపెట్టుకోకుండా డాక్టర్‌కి చూపించండి. మీకూ ఒకసారి రక్తపరీక్ష చేయించుకుని, అవసరమైతే మాత్రలు వాడండి.

## ఆరు నెలలు నిండాక

అన్నప్రాశన ముహూర్తం ముందే వచ్చింది. అప్పటి నుంచే తిండి మొదలుపెట్టాలా?

ముహూర్తం నాడు నాలుకకి ఒక మెతుకు పాయసం తాకించి ఆపండి. ఆరు నెలలు, అంటే 180 రోజులు నిండే వరకు తల్లిపాలే, మంచినీళ్ళు కూడా వద్దు. నిండిన మర్నాటి నుంచి రోజువారీ తిండి మొదలుపెట్టాలి. నేను ఎక్కువగా చూసే పొరపాటు తొందరపడటం కాదు, ఆలస్యం. అన్నప్రాశన ఘనంగా జరుగుతుంది, మర్నాటి నుంచి మళ్ళీ పాలే, పళ్ళొచ్చాక చూద్దాం అంటారు. తిండికి పళ్ళు అక్కర్లేదు, చిగుళ్ళతో నమిలేస్తారు.

రోజూ రాగి జావ పెడుతున్నా. మంచిదే కదా, సరిపోదా?

రాగి మంచిదే, కాల్షియం దండిగా ఉంటుంది. కానీ రాగి ఒక్కటే అంటే ఒక గుంపు, తల్లిపాలతో కలిపి రెండు. ఇంకో మూడు కావాలి. పైగా జావ గిన్నె వంచితే జారిపోయేంత పలుచగా చేస్తారు. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు. ఆ చోటంతా నీళ్ళతో నింపితే బలం ఎక్కడి నుంచి వస్తుంది? చెంచా పక్కకి వంచితే వెంటనే కారిపోకుండా ఉండేంత చిక్కగా కాచండి.

అదే గిన్నెలో మార్పు ఇలా: పెసరపప్పు, బియ్యం మెత్తగా ఉడికేటప్పుడు నాలుగు పాలకూర ఆకులో చిన్న గుమ్మడి ముక్కో వేయండి. మెదిపి అర చెంచా నెయ్యి కలపండి. సాయంత్రం సగం అరటిపండు. తల్లిపాలు ఎలాగూ ఉన్నాయి. ఐదు గుంపులు అయిపోయాయి. విడిగా వండింది ఏమీ లేదు.

గుడ్డు, చేప, మాంసం ఎప్పటి నుంచి పెట్టొచ్చు?

ఆరు నెలలు నిండినప్పటి నుంచే. గుడ్డు గట్టిగా ఉడికించి, పచ్చసొన, తెల్లసొన రెండూ మెదిపి పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు చెంచాడు పెట్టి, దద్దుర్లు, వాంతులు లేకపోతే పెంచండి. చేప ముల్లు తీసి, చికెన్ లేదా లివర్ బాగా ఉడికించి నలిపి పెట్టండి. ఈ వయసులో తల్లిపాల నుంచి వచ్చే ఐరన్ చాలా తక్కువ, దాదాపు అంతా తిండి నుంచే రావాలి. ఏడాది లోపు తేనె మాత్రం నాకించొద్దు, దానితో ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

అంగన్‌వాడీలో బాలామృతం పొడి ఇస్తున్నారు కదా, అది చాలదా?

అది తోడు, భోజనం కాదు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపి చేసేది. అందులో కూర లేదు, పండు లేదు, గుడ్డు లేదు. ఒక పూట బాలామృతం, మిగతా పూటలు ఇంటి తిండి పెట్టండి. ప్యాకెట్ ఇంట్లో పెద్దలకి లడ్డూలుగా మారిపోకుండా చూసుకోండి.

## తొమ్మిది నెలల నుంచి రెండేళ్ళు

మా కూరల్లో కారం ఎక్కువ. రోజూ విడిగా వండే ఓపిక లేదు.

విడిగా వండొద్దు. కూర ఉడికాక, ఉప్పు, కారం వేయకముందే రెండు గరిటెలు బిడ్డకి తీసి పక్కన పెట్టండి. తర్వాత మీకు కావలసినట్టు తాలింపు పెట్టుకోండి. ఏడాది లోపు ఉప్పు, రెండేళ్ళ లోపు చక్కెర కలపకపోవడమే మంచిది. చప్పగా ఉందనిపించేది మన నాలుకకే. తొమ్మిది నెలలు దాటాక రోజుకి మూడు సార్లు, ఒక్కోసారికి అర కప్పు. ఏడాది దాటాక ముప్పావు కప్పు నుంచి కప్పు. కప్పు అంటే 250 మిల్లీలీటర్లది.

ఆకుకూర నోట్లో పెట్టగానే ఉమ్మేస్తోంది. ఇష్టం లేదని మానేశాం.

ఉమ్మేయడం అంటే ఇష్టం లేదని కాదు, కొత్తగా ఉందని. ఒకే కూరని ఎనిమిది, పది సార్లు రుచి చూపించాక ఒప్పుకునే పిల్లలు ఎక్కువ. మనం రెండోసారికే ఆపేస్తాం. బలవంతంగా కుక్కొద్దు, ఒక్క ముద్ద చాలు, రెండు రోజులాగి మళ్ళీ. మీరు పక్కన కూర్చుని అదే కూర కలుపుకుని తింటుంటే ఇంకా త్వరగా ఒప్పుకుంటారు. ఒక పదకొండు నెలల పాప అమ్మ పెడితే తోటకూర ఉమ్మేసేది. ఒకరోజు అమ్మ తన కంచంలోంచి తింటుంటే పాకుతూ వచ్చి, అదే కూర వేళ్ళతో తీసుకుని నోట్లో పెట్టుకుంది. నా కళ్ళ ముందే.

ఏడుపు ఆపడానికి బిస్కెట్, కొంచెం చాయ్ ఇస్తాం. నష్టమా?

నష్టమే. ఐదు రూపాయల ప్యాకెట్‌లో మైదా, చక్కెర, నూనె ఉంటాయి. చిన్న పొట్ట దానితో నిండిపోతుంది, తర్వాత పప్పన్నం తినరు. చాయ్ ఐరన్‌ని అడ్డుకుంటుంది. అదే డబ్బుకి ఒక అరటిపండు వస్తుంది. పల్లీలు ఇచ్చేటప్పుడు గింజలుగా వద్దు, గొంతులో అడ్డం పడతాయి. పొడి చేసి అన్నంలో కలపండి.

## డబ్బు, తీరిక లేనప్పుడు

కూలికి వెళ్తేనే పూట గడుస్తుంది. రోజూ ఐదు రకాలు మాలాంటివాళ్ళకి కుదిరే పనేనా?

కష్టమే, కాదని నేను అనను. పాలు, పళ్ళ ధరలు చూస్తే నాకూ దిగులేస్తుంది. అందుకే చవకైన వాటితో లెక్క కడదాం. రేషన్ బియ్యం ఉంది. పప్పు రోజూ ఉండాల్సినంత ఉండదు, నీళ్ళు పోసి పలుచన చేసేస్తారు. ఆ పలుచని నీళ్ళు కాకుండా అడుగున ఉన్న పప్పు అమ్మకీ బిడ్డకీ ముందు వడ్డించండి. మునగచెట్టు ఎవరింటి ముందైనా ఉంటుంది, ఆకు అడిగితే కాదనరు. వానాకాలంలో పొలం గట్ల మీద పొన్నగంటి కూర, తోటకూర ఊరికే దొరుకుతాయి. సంతలో నెత్తళ్ళు, చిన్న ఎండుచేపలు కొని, కడిగి ఉప్పు పోగొట్టి, వేయించి పొడి చేసుకుంటే పెద్ద చెంచాడు చాలు. సీజన్‌లో జామ, రేగు, సీతాఫలం. బియ్యం, పప్పు, మునగాకు, చేపపొడి, జామకాయ: ఐదు.

డబ్బు ఉన్నప్పుడు కూడా సరుకు వంటింటి దాకా వచ్చి అమ్మ దగ్గరికి రాని ఇళ్ళు ఉన్నాయి. అందరూ తిన్నాక అడుగున మిగిలినది ఆమె తింటుంది. కూర గిన్నె అప్పటికి ఖాళీ. ఇంట్లో మగవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: వారానికి నాలుగు రోజులు అందరూ ఒకేసారి కూర్చోండి, ఆమెకీ అప్పుడే వడ్డించండి. పైసా ఖర్చు లేదు.

నేను పనికి వెళ్తా, బిడ్డకి నానమ్మ తినిపిస్తుంది. నేను చెప్పినట్టు పెట్టదు.

పొద్దునే ఒక గిన్నెలో పప్పు, ఆకుకూర కలిపిన ముద్ద, పక్కన ఉడికిన గుడ్డు పెట్టి వెళ్ళండి. ఏం పెట్టాలో చెప్పడం కన్నా పెట్టేది చేతికి అందేలా ఉంచడం తేలిక. నానమ్మ తను తినేటప్పుడే బిడ్డకీ పెడుతుంది. అందుకే ఆవిడ కంచంలో కూడా ఆ కూర ఉండాలి.

జ్వరం, విరేచనాలు వచ్చినప్పుడు అన్నీ ఆపేసి గంజి ఒక్కటే ఇవ్వాలా?

ఆపకండి. తల్లిపాలు ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి, విరేచనాలైతే ఓఆర్‌ఎస్, జింక్ ఇవ్వండి. మామూలు తిండే మెత్తగా, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టండి. తగ్గాక రెండు వారాలు రోజుకి ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగి వస్తుంది. బిడ్డ పాలు కూడా తాగలేకపోయినా, కళ్ళు లోపలికి పోయినా, మగతగా ఉన్నా ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు మీరు తిని వెళ్ళండి, లేదా డబ్బాలో పెట్టుకోండి. అక్కడ ఎంతసేపు కూర్చోవాలో తెలియదు, మధ్యలో పాలివ్వాల్సింది మీరే.